పల్నాటి హైహయుల వంశక్రమము
(గ్రంథాలయ రజతోత్సవ సభయందు చేసిన ప్రసంగపాఠము)



పల్నాటి రాజుల వంశవృక్షమును గూర్చి ప్రసంగింపుమని కార్యదర్శిగారు నన్నాజ్ఞాపించిరి. నేను పండితుడను గాను. మా ఇంట తాతముత్తాతలనాటి కరణీకముండెను. 1984లో ఆ పదవి రద్దయినది. నేను ఊరి పరపతి సంఘపు లెక్కలు వ్రాసికొనుచు, రాత్రివేళల శబ్దరత్నాకరమును ప్రక్కన బెట్టుకొని గురువు లేకయే కావ్యములు చదివికొన్నవాడను. కావున నా ప్రసంగము విద్వాంసుల వ్యాఖ్యానమువలె నుండదు. లెక్కలవాడు పాత ఖాతాలను సరిచూచినట్లుండును. అందు రసము తక్కువైనచో క్షమింపుడు.

ఈ విషయమునకు నేడొక అక్కర కలదు. సంచికలో అచ్చు వేయుడని మన గ్రామమందలి కొన్ని గృహములవారు తమ వంశవృక్షములను నా చేతికిచ్చిరి. ఒకటి తాటాకులపై నున్నది. రెండు పాత జమాఖర్చు పుస్తకముల చివరి పుటలలో నున్నవి. ఒకటి ఇటీవల కంప్యూటరుపై రంగులతో ముద్రింపబడినది. అన్నియును పల్నాటి వీరులలో నెవరో యొకరితో నారంభమగుచున్నవి. ఇందు రెండు గృహములవారు ఒకే వీరుని తమ మూలపురుషునిగా జెప్పుచు, కార్తికమాసపు వీరుల పూజయందు మొదటి తాంబూలము తమకే రావలయు ననుచున్నారు. కనుక ఇది వట్టి పాండిత్యపు ముచ్చట గాదు. రేపు గుడిముందర నిలువవలసిన మాట.

మొదట కావ్యము చెప్పు వరుసను వినుడు. శ్రీనాథకృతమని ప్రసిద్ధికెక్కిన పల్నాటి వీరచరిత్రమును 1911లో అక్కిరాజు ఉమాకాంతముగారు పరిష్కరించి ప్రకటించినందున మనవంటి పల్లెవారికి గూడ దానిని చదువుకొను భాగ్యము కలిగినది. అందు మూలపురుషుడు అనుగురాజు. హైహయుడు, కార్తవీర్యార్జునుని సంతతివాడు. ఉత్తరదేశమునుండి తీర్థయాత్రగా వచ్చి, చందవోలు ప్రభువైన వెలనాటి గొంకరాజు కుమార్తె మైలమదేవిని పరిణయమాడెను. మామ అల్లునికి పల్నాటిని అరణముగా నిచ్చెను. గురజాల రాజధాని యయ్యెను. మైలమదేవి కుమారుడు నలగామరాజు. రెండవ రాణి వీరవిద్యాదేవికి మలిదేవుడును అతని తమ్ములును గలిగిరి. మూడవ రాణి భూరమాదేవికి కామరాజు, నరసింగరాజు మొదలగువారు పుట్టిరి. అనుగురాజు మంత్రి దొడ్డనాయుడు. ఆతని కుమారుడే బ్రహ్మనాయుడు.

ఈ పేర్లను ఒక కాగితముపై పట్టికగా వేసి చూడుడు. చదువుచున్నప్పుడు కనబడని దొకటి కనబడును. పల్నాటి యుద్ధమునకు కోడిపందెము కారణమని చిన్నపిల్లలును చెప్పుదురు. కోడిపందెము నిప్పురవ్వ మాత్రమే. గడ్డివామి అంతకు ఒక తరము ముందే పేర్చియున్నది. పల్నాడు అనుగురాజు గెలిచిన సీమ గాదు. తండ్రి తాతలనుండి వచ్చిన సీమయు గాదు. అది మైలమదేవికి పుట్టింటివారు పసుపుకుంకుమల క్రింద నిచ్చిన భూమి. అట్టి భూమి అనుగురాజు కుమారులందరికిని సమానముగా చెందునా? లేక మైలమ కన్న బిడ్డకే చెందునా? మలిదేవుని పక్షమువారు తండ్రిని జూపి పాలడిగిరి. నలగాముని పక్షమువారికి తల్లిని జూపు వీలుండెను. ఇరువురి వాదమునకును ఆధారము ఒకే వంశవృక్షము. ఒకరు దానిని పైనుండి చదివిరి, ఒకరు ప్రక్కనుండి చదివిరి. పంపకముల వేళ మన యిండ్లలోను ఈ ప్రశ్న పుట్టుచునే యున్నది గదా! తల్లివైపు వచ్చిన రెండెకరములకై మాటలు మానుకొన్న అన్నదమ్ములను మీరును ఎరుగుదురు, నేనును ఎరుగుదును. వారికి సైన్యములు లేకపోవుట మన యదృష్టము.

దూరమేల? మన పొరుగుననే అమరావతి సంస్థానమును వైభవముగా నేలిన రాజా వాసిరెడ్డి వేంకటాద్రినాయుడుగారు 1816లో దివంగతులైన పిమ్మట, ఆయన చేసికొన్న ఇరువురు దత్తపుత్రుల పక్షముల నడుమ తగవు పుట్టినది. అది ఇంగ్లాండులోని ప్రీవీ కౌన్సిలు వరకు బోయి 1846లో గాని తీర్పునకు రాలేదు. మొదటి దత్తత నిలిచియుండగా రెండవ దత్తత చెల్లదని ఆ తీర్పు. అంతలో ముప్పదియేండ్లు గడచినవి.

ఇక నా కత్యంత ప్రీతియైన భాగమునకు వత్తును. కావ్యము "గొంకరాజు" అనినది. ఏ గొంకరాజు? వెలనాటి ప్రభువులలో ఆ పేరివారు ముగ్గురు గలరు. శాసనములనుబట్టి చరిత్రకారులు కూర్చిన వరుస యిది: మొదటి గొంకరాజు 1076 నుండి 1108 వరకు, అతని కుమారుడు మొదటి రాజేంద్రచోడుడు 1132 వరకు, అతని కుమారుడు రెండవ గొంకరాజు 1161 వరకు, అతని కుమారుడు రెండవ రాజేంద్రచోడుడు 1181 వరకు, అతని కుమారుడు మూడవ గొంకరాజు 1186 వరకు, అతని కుమారుడు పృథ్వీశ్వరుడు 1207 ప్రాంతము వరకు. తాత పేరు మనుమనికి వచ్చుచున్నది, చూచితిరా! మన యిండ్లలో నేటికిని నడచుచున్న మర్యాదయే అది. నా చేతికి వచ్చిన వంశవృక్షములలో నొకదానియందు "వెంకయ్య, కోటయ్య, వెంకయ్య, కోటయ్య" అని వరుసగా నున్నది. పేర్లు నకలు తీయువాడు తప్పుగా రెండుమారులు వ్రాసెనని ఆ యింటి చిరంజీవి రెండు పేర్లు కొట్టివేసినాడు. ఆ కొట్టివేతతో ఏబదియేండ్లు మాయమైనవి. తాతను మనుమని, మనుమని తాతను చేయుట వంశచరిత్రలలో మిక్కిలి సులభముగా జరుగు పొరపాటు.

మైలమ తండ్రి యెవరో లెక్క వేయుదము. పల్నాటి యుద్ధము 1180 ప్రాంతమున జరిగినదని చరిత్రకారులలో ననేకుల మతము. నలగామరాజు కుమార్తె పేరమ్మ, కొమ్మరాజు కుమారుడైన అలరాజునకు భార్య. అనగా యుద్ధకాలమునకు నలగామునికి పెండ్లియై కాపురమునకు వెళ్లిన కూతురు గలదు. అతనికి నలుబదియేండ్ల వయస్సున్న దనుకొన్నచో 1140 ప్రాంతమున పుట్టియుండవలె. అతని తల్లి 1120 ప్రాంతమున పుట్టియుండవలె. 1108లోనే గతించిన మొదటి గొంకరాజు ఈమెకు తండ్రి కానేరడు. 1181లో సింహాసనమెక్కిన మూడవ గొంకరాజు అసలే కానేరడు. 1132 నుండి 1161 వరకు ఏలిన రెండవ గొంకరాజు ఒక్కడే ఈ లెక్కకు సరిపడుచున్నాడు. అటుపై నలగాముడు రెండవ రాజేంద్రచోడునకు మేనల్లుడగును. గురజాల సింహాసనము వెనుక చందవోలు నీడ ఎందుకు పడియున్నదో ఈ యొక్క బంధుత్వమే చెప్పుచున్నది. కావ్యములో నున్న ఒక్క పేరమ్మ పెండ్లి లేకున్నచో ఈ లెక్క తేలెడిది గాదు.

మైలమ పుట్టింటివారి వంశము మనకు రాతిపై దొరకుట మరియొక విశేషము. పిఠాపురమందు కుంతీమాధవస్వామి ఆలయమున పృథ్వీశ్వరుని కాలపు స్తంభశాసనము, శకము 1108, అనగా క్రీస్తుశకము 1186 నాటిది కలదు. అతని తల్లి జయాంబిక ఆ స్వామికి చేసిన దానమును చెప్పుచు వెలనాటివారి వంశమును తరతరములుగా వర్ణించును. అందు వారు తాము చతుర్థవర్ణమున బుట్టినవారమని దాచక చెప్పుకొనిరి. ఆరువేల గ్రామముల ప్రభువులకు ఆ మాట చెప్పుకొనుటలో చిన్నతనము తోచలేదు. అల్లుడేమో కార్తవీర్యుని సంతతి, మామ చతుర్థవర్ణజుడు. ఇరువురి నడుమ వియ్యము జరిగినది. నేటి పెండ్లిచూపులలో గోత్రముల వద్దనే లేచిపోవు పెద్దలు ఈ సంగతి గమనింతురు గాక!

హైహయులమని చెప్పుకొన్నది అనుగురాజు ఒక్కడు గాదు. నర్మదాతీరమున జబ్బలపురము చెంతనున్న త్రిపురిని ఏలిన కలచురులు హైహయులమనిరి. కల్యాణమున 1157 ప్రాంతమున చాళుక్యుల సింహాసనమును గైకొన్న బిజ్జలుని వంశమువారు కలచురులమే యనిరి. మన గోదావరి ముఖద్వారమున కోనమండలము నేలిన హైహయుల శాసనము 1195 నాటిది పిఠాపురముననే యున్నది. వీరందరును ఒక్క తల్లి బిడ్డలా? సహస్రబాహువైన కార్తవీర్యుని పేరు ఆ కాలమున ఎంతమందికైన నీడనిచ్చు మఱ్ఱిచెట్టు. పురాణపురుషునితో నారంభమైన తరములను నేను వంశవృక్షమునకు వేళ్లుగా భావింపను. కుండీకి వేసిన రంగుగా భావింతును. కాకతీయులను జూడుడు. వారి శాసనములు కొన్ని వారిని చతుర్థవర్ణజులుగా జెప్పుచున్నవి. 1244 నాటి మోటుపల్లి శాసనము మాత్రము గణపతిదేవుని మనువు మొదలుకొని సూర్యవంశమునకెక్కించినది. ఆ శాసనపు అసలు ప్రయోజనము సముద్రవర్తకులకు అభయమిచ్చుట. దూరదేశపు ఓడలవారు చదువుకొను రాతిపై రాజు గొప్పగా కనబడవలె గదా!

తల్లివైపునుండియు సోదరివైపునుండియు అధికారము నడచుట పల్నాటి ఒక్కదానియందే లేదు. మన చేబ్రోలునందు 1213 నాటి శాసనమున జాయపసేనాని తన వంశమును జెప్పినాడు. ఆతని సోదరీమణులు నారాంబ, పేరాంబ గణపతిదేవుని రాణులు. యుద్ధమైన వందేండ్ల లోపల పల్నాడు కాకతీయ సామ్రాజ్యములో గలిసినది. 1269 నాటి దుర్గి శాసనమున కాయస్థ జన్నిగదేవుడు కనబడుచున్నాడు. అతడు గంగయసాహిణికి మేనల్లుడు. మామ పదవి మేనల్లునికి వచ్చినది. అతని తమ్ముడు అంబదేవుడు 1290 నాటి త్రిపురాంతక శాసనమున తన విజయములను చాటినాడు. ఇన్ని చోట్ల పీఠము ఆడపడుచుల చేతిమీదుగా నడచినను, మనము వ్రాసికొను వంశవృక్షములలో ఆడపేరు ఒక్కటియు లేదు. నాకిచ్చిన నాలుగింటిలోను లేదు. మైలమ పేరు నిలిచినదన్న, ఆమె వెంట భూమి వచ్చినది గనుక నిలిచినది.

ఇప్పుడు వీరుల సంతతి మాట. కథను నమ్మువారు కథ అంతటిని నమ్మవలె. బాలచంద్రుడు బ్రహ్మనాయునికిని ఐతమ్మకును గలిగిన కుమారుడు. మాంచాల భర్త. కారెంపూడి రణమున చిన్నవయస్సున గూలినాడు. సంతానము గలిగినట్లు కథ చెప్పదు. అలరాజు చర్లగుడిపాడున విషప్రయోగమునకు బలియయ్యెను; పేరమ్మ సహగమనము చేసెను. బ్రహ్మనాయుడు యుద్ధానంతరము గుత్తికొండ బిలము జొచ్చెనని ప్రతీతి. నాయకురాలు నాగమ్మకు వంశవృక్షమే లేదు. జిట్టగామాలపాడను ఊరు మాత్రము గలదు. నాగులేటి ఒడ్డున ఈ కొమ్మలన్నియు ఎండినవి. నాకిచ్చిన పత్రములలో ఒకటి బాలచంద్రునికి కుమారుని, మనుమని గూడ జూపుచున్నది. ఆ యింటివారిపై నాకు మిక్కిలి గౌరవము గలదు; వారి తాతగారు మా తాతగారికి అక్షరాభ్యాసము చేసిరి. అయినను, కారెంపూడిలో ఏటేట కథ పాడు వీరవిద్యావంతుల ఎదుట ఆ కాగితమును చదువుటకు నాకు ధైర్యము చాలదు.

ఇంటిపేరు సాక్ష్యమును గూడ తూచి తీసికొనవలె. రేచర్ల యను పేరు చూడుడు. బ్రహ్మనాయుని రేచర్లగోత్రజుడందురు. 1213లో పాలంపేట రామప్పగుడిని నిర్మించిన రుద్రసేనాని రేచర్లవాడు. 1939లో నేలటూరి వేంకటరమణయ్యగారు పరిష్కరింపగా మద్రాసు విశ్వవిద్యాలయమువారు ప్రకటించిన వెలుగోటివారి వంశావళియు రేచర్లవారిదే. అది చెవిరెడ్డితో నారంభమగును. ఒక పేరు మూడు గడపలపై నున్నంతమాత్రమున గడపలు ఒకటి గావు. ఊరు విడిచిన వాడు పాత ఊరిపేరును మోసికొని పోవును. మాచర్లవారు మాచర్లలో దొరకరు. మాచర్ల విడిచి వచ్చిన చోట దొరకుదురు.

"కరణములు వ్రాసిన కైఫీయతులలో మా పేరున్నది గదా!" అని ఒక పెద్దమనుష్యుడు నన్ను నిలదీసెను. మంచి ప్రశ్న. కర్నలు మెకంజీ, ఆయన వెంటనున్న కావలి బొర్రయ్య, లక్ష్మయ్య సోదరులు ఊరూర మనుష్యులను పంపి దేవాలయముల, వంశముల వృత్తాంతములను వ్రాయించిరి. 1803లో బొర్రయ్యయు, 1821లో మెకంజీయు మరణించిరి. వారు కూర్చిన భాండారము లేకున్నచో నేడు మన గ్రామచరిత్రలలో సగము పోయియుండెడిది. వ్రాసిచ్చినవారు కరణములు, అనగా నావంటివారి తాతలు. కరణము కలము సంగతి కరణపు ఇంటివానికి తెలియును! అగ్రహారము పోవుననుకొన్నప్పుడు దాత మరింత పూర్వకాలపువా డగును. మాన్యముపై తగవున్నప్పుడు మూలపురుషుడు ఒక యుద్ధము గెలుచును. అబద్ధమాడిరని నేననను. అడిగినవాడు దొర, అడిగిన సమయము భూములను విచారించు సమయము. 1858లో ఇనాము కమిషను ఏర్పడిన పిమ్మట ఇనాముదారులు చూపిన పత్రములకును ఇదియే వర్తించును. వంశావళి దొరకినంతనే నేనడుగు మొదటి ప్రశ్న "ఇందెవరున్నారు?" అని గాదు. "ఇది ఏనాడు, ఏ భూమికై వ్రాయబడినది?" అని.

ఇక లెక్కకు వత్తును. పల్నాటి యుద్ధమునకు నేటికి సుమారు 840 సంవత్సరములు. తరమునకు ఇరువదియైదేండ్లు వేసికొన్నచో ముప్పదిమూడు, ముప్పదినాలుగు తరములు కావలె. వెలనాటివారి ఆరుగురు ప్రభువులు 131 సంవత్సరములు ఏలిరి. తలకొకటికి ఇరువదిరెండేండ్లు చొప్పున పడినది. ఆ లెక్కన ఇంకను ఎక్కువ తరములు కావలె. నాకిచ్చిన పత్రములలో మిక్కిలి పొడవైనదానియందు పదునాలుగు పేర్లున్నవి. పదునాలుగు తరములకు 350 ఏండ్లు. మిగిలిన 490 ఏండ్లలో, ఇరువదిమంది తాతలు కనబడకున్నారు. పదునాలుగవ పేరునకును బ్రహ్మనాయునికిని నడుమ ఒక గీత మాత్రము గీయబడినది. ఆ గీతను నేను దాటలేను. కాని ఆ పదునాలుగు పేర్లు తక్కువవా? మొదటి పేరుగల వ్యక్తి గోలకొండ నవాబుల కాలమువాడు. మూడు దొరతనములు మారినను ఆ యిల్లు ఈ మట్టిని విడువలేదు. దానిని అచ్చు వేయుదము. గీతను మాత్రము విడుతము.

రెండవ మాట గూడ చెప్పవలసియున్నది. ఈ నాలుగు పత్రములును ఊరి నడుమ ఇండ్లనుండి వచ్చినవే. దళితవాడనుండి ఒక్కటియు రాలేదు, అడిగినవారును లేరు. బ్రహ్మనాయుడు కన్నమదాసును కొడుకుగా బిలిచి సేనకు నాయకుని చేసెనని, చాపకూటి పంక్తిలో అందరిని కూర్చుండబెట్టెనని మనమే పాడుకొందుము. ఆ కన్నమకు ఏ వంశవృక్షములో కొమ్మ వేసితిమి? వ్రాతలేని ఆ వాడలోని గాయకుల నోటనే ఈ కథ శతాబ్దములు బ్రదికినది. మన వినుకొండ వల్లభరాయని క్రీడాభిరామమునందు ఓరుగంటి వీధిలో ఒక స్త్రీ పల్నాటి వీరుల కథ పాడు ఘట్టము కలదు. అనగా ఆరువందల యేండ్లనాడే అది వీధిపాట. 1982లో ఆక్స్‌ఫర్డు ముద్రణాలయము ప్రకటించిన జీన్ రోఘేయరుగారి గ్రంథమునకు మూలము మాచర్ల ప్రాంతపు గాయకుని నోటిపాటయే. పిచ్చుకుంట్లవారు ఇంటింట నిలిచి గోత్రములు చెప్పుట మన చిన్ననాట చూచినవారము. ఆ నోటి సాక్ష్యము తాటాకుకంటె తక్కువదని నేనొప్పుకొనను. నడుమ తరములను వారును ఎగురవేయుదురు. కాని గడపకొక కథ మార్చి చెప్పుటకు వారికి భూమి ఏదియు లేకుండెను.

కావున కార్యవర్గమువారితో సంప్రదించి ఇట్లు నిశ్చయించితిమి. సంచికయందు అనుగురాజు వంశపట్టికను కావ్యము చెప్పినట్లుగా ఒక ప్రక్కను, వెలనాటివారి పట్టికను శాసనముల వత్సరములతో రెండవ ప్రక్కను ముద్రింతుము. రెంటిని గలుపు చోట మైలమదేవి పేరుండును. గృహముల వంశవృక్షములను ఆధారమున్న పేరునుండియే ముద్రింతుము. మొదటి తాంబూలమును గూర్చి సంచిక ఏమియు చెప్పదు. ఆ యిరువురు పెద్దలును నిన్నటి రాత్రి నా యెదుట దీనికి సమ్మతించిరి. ఒకరు సంతోషముగా, ఒకరు ముఖము త్రిప్పుకొని.

ఇదిగాక, గ్రంథాలయమున ఒక పెద్ద పుస్తకమును గీతలు గీయించి సిద్ధము చేసితిని. ప్రతి యింటికిని రెండు పుటలు. ఎడమపుట తండ్రివైపు, కుడిపుట తల్లివైపు. ఏ ఊరినుండి వచ్చిరి, ఎవరి యింట బుట్టిరి, ఎవరు చెప్పగా వ్రాసితిమి అను మూడు గడులున్నవి. వ్రాయలేనివారు వచ్చి చెప్పిన నేను వ్రాసెదను. ఆదివారము సాయంకాలము నాలుగు గంటలనుండి దీపములు పెట్టువేళ వరకు చదువుగది బల్లవద్ద నుందును. మొదట దళితవాడలోని వృద్ధులవద్దకు నేనే పుస్తకము తీసికొని పోవుదును. వారిలో ముగ్గురు ఎనుబదియైదేండ్లు దాటినవారు. తాటాకులున్నవారు వానిని వాకిట ఎండలో ఆరబెట్టకుడు, తడిగుడ్డతో తుడువకుడు. నిమ్మగడ్డినూనె సీసా గ్రంథాలయాధికారివద్ద నున్నది. కట్టను విప్పకయే తీసికొనిరండు. విప్పుట ఎట్లో ఇచ్చట చూపెదము.